రేసింగ్ సాన్స్ వన్ ఫాంట్ రివ్యూ: ఇంగ్లిష్ వాలింది, తెలుగు వాలలేదు

అందరికీ నమస్కారం. టైమ్ పొద్దున్న ఆరు. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఉన్నాను. పొద్దున్న ఈ టైమ్‌లో ఇక్కడ బండ్లు తిరగనివ్వరు కాబట్టి, సైకిల్ తొక్కుతూనే ఒక ఫాంట్‌ని పరీక్షిద్దాం. పేరు రేసింగ్ సాన్స్ వన్. మా సైక్లింగ్ గ్రూపు బ్యానర్‌కీ జెర్సీలకీ దీన్నే వాడాను.

అదిగో బ్యానర్. వైజాగ్ అని ఇంగ్లిష్‌లో ఐదు అక్షరాలు, లావుగా, కుడివైపుకి వాలి ఉన్నాయి. సైకిల్ మీద ఊగుతూ వస్తున్నా దూరం నుంచే చదివేశాను. కదలని గుడ్డ మీద ఆ పరుగు కనిపిస్తోంది చూడండి, నాకు అది చాలా నచ్చింది.

అసలు వాలితే వేగం అని మనకెందుకు అనిపిస్తుంది? 1501లో వెనిస్‌లో వాలు అక్షరాలతో తొలి పుస్తకం అచ్చయినప్పుడు అవి చేతిరాతను పోలినవే, వేగానికి సంబంధం లేదు. వేగం సంగతి కెమెరాల కాలంలో బలపడింది. కొన్ని పాత కెమెరాల్లో ఫిల్మ్ అంతటా ఒకేసారి వెలుగు పడేది కాదు, వరసగా పడేది. ఆ లోపు రేసు కారు ముందుకు జరిగిపోయేది. దాంతో గుండ్రటి చక్రం ముందుకు వాలిన కోడిగుడ్డులా ఫొటోలో పడేది. బొమ్మలు వేసేవాళ్లు ఆ వాలునే వేగానికి గుర్తుగా పట్టుకున్నారు.

ఇక మన తెలుగు దగ్గరికి వద్దాం. ఈ ఫాంట్‌లో తెలుగు లేదు. అందుకని రామభద్ర అనే తెలుగు ఫాంట్ తీసుకుని, అక్షరాలను వాల్చే ఇటాలిక్ బటన్ నొక్కాను. ఇదిగో ఆ ప్రింటు, దగ్గరగా చూపిస్తాను. మన అక్షరాలన్నీ చక్రాలే కదా, అన్నీ కోడిగుడ్లయ్యాయి. గీత ఒక మూల లావెక్కింది, ఇంకో మూల సన్నబడింది. 'సైక్లింగ్'లో ల వత్తు వెనక్కి జారి 'సై' కిందికి పోయినట్టుంది. పైన తలకట్లేమో ముందుకు పోయాయి. ఇది చూసి మనసు చివుక్కుమంది.

లారీల మీద, గోడల మీద చేత్తో రాసేవాళ్ల పద్ధతి గుర్తొచ్చింది. అక్షరాన్ని నిటారుగానే ఉంచి, లైను మొత్తాన్ని కుడివైపు పైకి లేపుతారు. నేనూ అలాగే చేశాను. ఇప్పుడు రెండు భాషలూ ఒకే వైపు పరుగెడుతున్నాయి, తెలుగు హాయిగా చదవొస్తోంది.

జెర్సీ వెనక నంబరుకి కూడా ఈ ఫాంట్ భేషుగ్గా ఉంది. కింద చిన్న సైజులో ఫోన్ నంబరు వేస్తే మాత్రం అలికినట్టయింది, అక్కడ మామూలు ఫాంట్ పెట్టుకోండి. దీనికి ఒకటే స్టైల్ ఉంది, బోల్డ్ నొక్కితే అక్షరాల్లోని ఖాళీలు పూడుకుపోతాయి. ఫాంట్ ఉచితం, డబ్బులకి చేసే పనుల్లోనూ వాడుకోవచ్చు.

ఫ్లెక్స్ షాపుకి ఫైల్ ఇచ్చే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని బొమ్మ గీతలుగా మార్చండి. వాళ్ల సిస్టమ్‌లో ఈ ఫాంట్ లేకపోతే దాని బదులు వేరేది పడిపోతుంది.