ముందు కారు పక్కకు తప్పుకుంటే?

స్పీడ్ ఇప్పుడు 100. అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ ఆన్‌లో ఉంది, అంటే స్పీడ్‌ను కారే చూసుకుంటోంది. నా కాళ్లు రెండూ ఖాళీ. కెమెరా పక్క సీట్లో మా తమ్ముడి చేతిలో ఉంది. ముందు ఆ తెల్ల కారు 90కి తగ్గింది... ఇదిగో, మనదీ తగ్గింది. నేనేం చేయలేదు. మీటర్‌లో సెట్ చేసిన అంకె మాత్రం ఇంకా 100 అనే చూపిస్తోంది. ఆ అంకెతో తర్వాత పనుంది, గుర్తుపెట్టుకోండి.

మొన్న ఒకాయన అడిగారు, "అడాప్టివ్ క్రూజ్ ఉంటే ఇక బ్రేక్‌తో పనే లేదా అండీ?" అని. ఉంది, చాలా ఉంది.

మామూలు క్రూజ్ కంట్రోల్ పాతదే. 1958లోనే క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలో వచ్చింది. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పటి నుంచే చూపు లేదు! ఆ పాతదానికి స్పీడ్ పట్టుకోవడం ఒక్కటే తెలుసు. ఈ అడాప్టివ్‌కు రాడారో, కెమెరానో, రెండూనో ఉంటాయి కాబట్టి ముందు బండిని బట్టి తగ్గుతుంది, పెరుగుతుంది.

స్టీరింగ్ మీద గ్యాప్ బటన్ ఉంది చూడండి, ముందు బండికీ మనకీ ఎంత ఎడం ఉండాలో పెట్టేది. తెర మీద గీతలు పెరుగుతాయి, తగ్గుతాయి. చాలామంది వాటిని మీటర్లు అనుకుంటారు. సాధారణంగా అది దూరం కాదు, సమయం. 100 స్పీడ్‌లో సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం. అంటే రెండు సెకన్ల గ్యాప్ 55 మీటర్ల పైమాటే. నేను ఎప్పుడూ ఎక్కువ గ్యాపే పెడతాను. మధ్యలోకి బండ్లు దూరతాయి, నిజమే. దూరనివ్వండి, మన సొమ్మేం పోతుంది?

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. ఒకసారి ఇలాగే ఒక వ్యాన్ వెనక వెళ్తున్నాను. వ్యాన్ చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంది. దాని ముందు ఒక లారీ ఆగి ఉంది, లైట్లు లేవు. నా కారు ఏం చేసిందో తెలుసా? వ్యాన్ పోయింది, దారి ఖాళీ అనుకుని స్పీడ్ అందుకోబోయింది! బ్రేక్ తొక్కితే వెనక సీట్లో బ్యాగు వచ్చి కింద పడింది.

కారు చెడిపోయిందా అంటే, లేదు. బోర్డులు, వంతెనలు, రెయిలింగ్‌లు అన్నీ కదలనివే. రాడార్ వాటన్నిటికీ బ్రేక్ వేస్తే బండి ముందుకు పోదు. అందుకని చాలా సిస్టమ్‌లు ఎక్కువ స్పీడ్‌లో కదలని వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోవు. ఈ సంగతి కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది, మనం చదవం, అంతే. కొత్త కార్లు కొంత మెరుగే అయినా నేనైతే నమ్మను. బైకులూ అంతే, సన్నగా ఉంటాయి, లేన్ అంచున పోతుంటే తప్పిపోవచ్చు.

ఇక ఆ 100 అంకె. బ్రేక్ తొక్కితే క్రూజ్ ఆగుతుంది కానీ అంకె మెమరీలో ఉంటుంది. హైవే దిగి చిన్న రోడ్డులో 40లో వెళ్తూ, క్రూజ్‌ను మళ్లీ మొదలుపెట్టే రెజ్యూమ్ బటన్ నొక్కారో, బండి మళ్లీ 100 కోసం లాగుతుంది. హైవే దిగగానే పూర్తిగా ఆఫ్ చేసేయండి. పెద్ద వానలోనూ అంతే.

అదిగో, తెల్ల కారు ఇండికేటర్ వేసింది. నా కాలు బ్రేక్ మీదికి వచ్చేసింది, చూశారా? తప్పుకుంది... ముందు ఏమీ లేదు. 92, 95... సరే, పోనీ.