సముద్రం మీది ధూళి: ఉపగ్రహం చూసేది, మనం లెక్కగట్టేది

సభకు నమస్కారం.

ఉపగ్రహాలు సముద్రం మీది ధూళిని కొలుస్తున్నాయని పత్రికల్లో చదువుతుంటాం. ఆ మాట సగమే నిజం. ఉపగ్రహం కొలిచేది వెలుతురును. కింది నుంచి తన వైపు వచ్చిన సూర్యకాంతి ఏ రంగులో ఎంత ఉందో నమోదు చేస్తుంది, అంతే. అందులో ధూళి వంతెంత, నీటి వంతెంత, నురగ వంతెంత, ధూళి లేని గాలి తనంతట తాను వెదజల్లిన కాంతి ఎంత అని విడదీసేది మనుషులు రాసిన లెక్క. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ విడదీయడం గురించే. మనం చూసే రంగురంగుల పటాల బలం అక్కడే ఉంది, బలహీనతా అక్కడే ఉంది.

ముందు ఈ ధూళిలోని కణాల సంగతి. విరిగిన అలల నుంచి ఎగిరే ఉప్పు, ఎడారుల నుంచి కొట్టుకొచ్చే మట్టి, అడవులూ పంట వ్యర్థాలూ తగలబడితే లేచే పొగ, బొగ్గూ డీజిలూ కాల్చితే వచ్చే సల్ఫేట్లు, మసి. వీటన్నిటికీ కలిపి ఏరోసోల్స్ అని పేరు. ఇవి కాంతికి ఎంత అడ్డు పడుతున్నాయో చెప్పే కొలతను ఆప్టికల్ డెప్త్ అంటారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఆ విలువ 0.1 అయితే, నేరుగా దిగే కిరణంలో దాదాపు పదో వంతు ఈ కణాల వల్ల దారిలోనే పోయిందని అర్థం. విలువ 1 అయితే కిందికి చేరేది 37 శాతమే. మనుషుల సందడికి దూరంగా ఉన్న మహాసముద్రాల మీద సాధారణంగా ఇది 0.1 కూడా ఉండదు. ఈ అంకెను గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఈ విద్య నేల మీద కన్నా ముందుగా సముద్రం మీదే ఎందుకు కుదిరింది? నల్ల బండ మీద ముగ్గుపిండి రాలితే చిటికెడైనా కనబడుతుంది, ఇసుకలో రాలితే కనబడదు. ఎరుపు, దాని అవతలి పరారుణ కాంతిని లోతైన నీరు దాదాపు మొత్తం మింగేస్తుంది. ఆ రంగుల్లో పై నుంచి చూస్తే సముద్రం నల్లగా ఉంటుంది కాబట్టి, ఏ కాస్త వెలుగు కనిపించినా అది చాలావరకు గాలిలోంచి వచ్చిందే. మబ్బుల కోసం, సముద్రపు ఉష్ణోగ్రత కోసం అమెరికా పంపిన ఏవీహెచ్‌ఆర్‌ఆర్ పరికరంతోనే శాస్త్రవేత్తలు ఈ పని మొదలుపెట్టారు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు, ఆ ముసుగు కొన్ని వారాల్లోనే ఉష్ణమండలాన్ని చుట్టేయడాన్ని ఆ పరికరం సముద్రాల మీదుగా పట్టుకుంది. కానీ ఆ రోజుల్లో లెక్కకు ఒక్క ఎరుపు రంగే ఆధారం. కణాలు ఎంత పరిమాణంలో ఉన్నాయో ముందే అనుకొని, ఆ అంచనా మీద మిగతాదంతా కట్టుకునేవారు.

నాసా పరికరం మోడిస్ వచ్చాక పరిస్థితి మారింది. 1999 డిసెంబరులో టెర్రా ఉపగ్రహం మీద, 2002 మేలో ఆక్వా మీద దాన్ని పంపారు. సముద్రం మీద ఇది ఆకుపచ్చ నుంచి 2.1 మైక్రాన్ల పరారుణం దాకా ఆరు తరంగదైర్ఘ్యాలను వాడుతుంది. పొగ, సల్ఫేట్లలోని సన్న కణాలు పొట్టి తరంగాలను బాగా చెదరగొడతాయి, పొడవు తరంగాల దగ్గర చేతులెత్తేస్తాయి. ఉప్పు, ఎడారి మట్టి లాంటి ముతక కణాలు అన్నిటినీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నాలుగు సన్న రకాలు, అయిదు ముతక రకాలు ముందే లెక్కగట్టి పట్టికలో పెట్టుకున్నారు. ఒక్కో దాన్నీ జత చేస్తే 20 మిశ్రమాలు. చూసిన కాంతికి వాటిలో ఏది బాగా నప్పుతుందో కంప్యూటర్ వెతుకుతుంది. గమనించండి, ఇది కణాలను పట్టి లెక్కపెట్టడం కాదు, సరిపోయే జవాబును ఎంచుకోవడం.

అసలు చిక్కులు ఇక్కడి నుంచి. సముద్రం నల్లగా ఉంటుందన్నాను కదా, ఎప్పుడూ అలా ఉండదు. మొదటిది ఎండ తళుకు. నీటి మీద సూర్యుడి ప్రతిబింబం అద్దంలోలా ఒక్క చుక్కగా ఉండదు, అలల వాలును బట్టి పరుచుకుంటుంది. ఎంత మేర పరుచుకుంటుందో తెలియకపోతే ఆ వెలుగును ధూళి ఖాతాలో వేసేస్తాం. ఈ సమస్యకు సమాధానం ఉపగ్రహాల కన్నా ముందే దొరికింది. 1951లో చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ హవాయి దీవుల్లోని మావి దగ్గర విమానం నుంచి సముద్రపు తళుకును ఫొటోలు తీయించారు. అదే సమయంలో కింద పడవలో గాలి వేగం కొలిచారు. చిన్న చిన్న అలల వంతెంతో తెలుసుకోవడానికి వాడేసిన ఇంజను నూనె, డీజిల్, చేప నూనె కలిపి నీళ్ల మీద పోశారు. ఈ రోజుల్లో ఆ ప్రయోగానికి ఎవరైనా అనుమతి ఇస్తారా అన్నది వేరే సంగతి! గాలి వేగం పెరిగేకొద్దీ తళుకు ఎలా విస్తరిస్తుందో చెప్పే వారి సూత్రం 1954లో అచ్చయింది. దాదాపు ప్రతి ఉపగ్రహ లెక్కలోనూ ఆ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. అయినా తళుకు మధ్యభాగాన్ని ఎవరూ నమ్మరు. ప్రతిబింబ దిశకు 40 డిగ్రీల లోపు ఉన్న ప్రాంతాన్ని మోడిస్ లెక్క పక్కన పెట్టేస్తుంది. ఉష్ణమండల సముద్రాల మీద రోజూ ఒక పెద్ద పట్టీ అలా ఖాళీగా మిగలడానికి కారణం ఇదే.

రెండోది నురగ. దీని కథ నాకు మరీ ఇష్టం. దక్షిణార్ధగోళంలో 40, 60 డిగ్రీల అక్షాంశాల మధ్య, నేల అడ్డు లేకుండా గాలులు వీచే సముద్రం మీద, ఉపగ్రహ పటాలు చాలా కాలం ఒక దట్టమైన ఏరోసోల్ పట్టీని చూపించాయి. అంత గాలి, అంత ఉప్పు, ఇక అనుమానం ఏముంటుంది? నమ్మదగిన కారణం చేతిలో ఉంటే అంకెను ప్రశ్నించడం మానేస్తాం, శాస్త్రవేత్తలైనా అంతే. ఆ దారిన వెళ్లే పరిశోధన నౌకల్లో చేతిలో పట్టే సూర్యకాంతి మీటర్లు పంపడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. నేల మీద నుంచి సూర్యకాంతిని కొలిచే కేంద్రాల వ్యవస్థ నాసా ఏరోనెట్‌. దానికి అనుబంధంగా నడిచే మారిటైమ్ ఏరోసోల్ నెట్‌వర్క్ ఈ పని చేసింది. మబ్బు తొలగినప్పుడు డెక్ మీద నిలబడి మీటరును సూర్యుడి వైపు గురిపెట్టడమే అందులోని పద్ధతి. సూర్యుణ్ణి నేరుగా చూసే కొలతకు కింది నీటితో పనే లేదు. నౌకల అంకెలు ఉపగ్రహాల అంకెల కన్నా బాగా తక్కువ వచ్చాయి. ఆ పట్టీలో చాలా భాగం నురగ తెలుపు, విడిపోయిన మబ్బుల అంచులు. అప్పటిదాకా మోడిస్ లెక్క ప్రపంచమంతటా గాలి వేగం సెకనుకు 6 మీటర్లే అనుకునేది! ఆ లెక్కను సవరించి విడుదల చేసిన ఆరో కూర్పు నుంచి, ఏ చోటికి ఆ చోటి గాలి వేగాన్నే తీసుకోవడం మొదలుపెట్టారు.

మొదట చెప్పిన 0.1 అంకెతో ఇప్పుడు పని పడింది. మోడిస్‌కు సముద్రం మీద తొలుత ప్రకటించిన పొరపాటు హద్దు 0.03, దానికి తోడు విలువలో 5 శాతం. ఎడారి ధూళి కమ్ముకొని విలువ 1 దాటినప్పుడు ఆ 0.03 లెక్కలోకి రాదు. నిర్మలమైన సముద్రం మీద 0.06 ఉన్నప్పుడు అది సగం. స్వచ్ఛమైన చోట్లే మన కొలత బలహీనం.

మబ్బుల గురించి ఎక్కువ చెప్పను. రుతుపవనాల నెలల్లో బంగాళాఖాతం మీద మబ్బు లేని చోటు దొరకడమే కష్టం. అయినా జులై నెల సగటు పటం నిండా రంగు కనిపిస్తుంది. అందులో కొన్ని గళ్లు రెండు మూడు రోజుల చూపుతోనే నిండాయని పటం చెప్పదు. వరద గోదావరి కలిసే తీరాల్లో మట్టి నీరే మెరుస్తుంది, అక్కడ నల్ల సముద్రమన్న ఊహే చెల్లదు.

మన దగ్గర ఇదే ధూళి ఇంకో వేషంలో కనిపిస్తుంది. 1999 మే 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-1లోని పరికరం సముద్రపు రంగు చూడటానికి. నీటిలో పచ్చదనం ఎంతో తెలిస్తే చేపలు ఎక్కడ చేరతాయో ఊహించవచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే సూచనలకు నీటి ఉష్ణోగ్రతతో పాటు ఆ పచ్చదనమూ ఆధారం. అయితే ఉపగ్రహానికి చేరే కాంతిలో 90 శాతం దాకా గాలి నుంచి వచ్చేదే. అందుకే నీరు నల్లగా కనిపించే పరారుణంలో, 765, 865 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, ఏరోసోల్‌ను అంచనా వేసి, నీలం ఆకుపచ్చల్లోంచి దాని వంతు తీసేస్తారు. ధూళి చూసే మాకు ఫలితమైనది, నీటి రంగు చూసేవారికి తీసిపారేయవలసిన మురికి. మేం పొరపడితే వారి చేపలూ పొరపడతాయి.

అన్నిటికన్నా మొండి సమస్య మసి. అది కాంతిని చెదరగొట్టడం కన్నా మింగడం ఎక్కువ. నల్లటి నీటి మీద నల్లటి మసిని ఎలా చూస్తారు? 1999 తొలి నెలల్లో జరిగిన ఇండోయెక్స్ పరిశోధనలో వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ తదితరులు శీతకాలపు ఈశాన్య గాలులు ఉపఖండం పొగను హిందూ మహాసముద్రం మీదికి ఎంత దూరం మోసుకెళతాయో చూపించారు. వాతావరణం పైఅంచున కనిపించిన సౌరశక్తి తగ్గుదల కన్నా సముద్ర ఉపరితలం మీద తగ్గుదల సుమారు మూడు రెట్లు ఉంది. మిగతా శక్తి మధ్యలోని మసిపొరను వేడెక్కించింది. పైనుంచి వెలుతురు మాత్రమే చూసే కన్నుకు ఈ తేడా నేరుగా అందదు. విమానాలు, నౌకలు, మాల్దీవుల్లోని కాషిధూ పరిశోధన కేంద్రం కలిస్తేనే అందింది.

ఇందుకో ఉపాయాన్ని నాసా శాస్త్రవేత్త యోరమ్ కాఫ్‌మన్ బృందం 2002లో సూచించింది. పనికిరాదని పక్కన పెట్టిన ఎండ తళుకు ఉంది కదా, అది ప్రకాశవంతమైన వెనుక తెర. కణాలు మింగేవే అయితే అక్కడ తళుకు మసకబారుతుంది. ఒకే గాలిని తళుకు లోపలి నుంచి, బయటి నుంచి చూస్తే మింగింది ఎంతో, చెదరగొట్టింది ఎంతో వేరుపడతాయి. దానికి ఒకే చోటును అనేక కోణాల్లో చూసే కళ్లు కావాలి. 2024 ఫిబ్రవరి 8న వెళ్లిన నాసా పేస్ ఉపగ్రహం మీద సముద్రపు రంగు చూసే పరికరంతో పాటు అలాంటివి రెండున్నాయి, హార్ప్-2, స్పెక్స్‌వన్. కోణాలతో పాటు కాంతి ధ్రువణాన్నీ, అంటే కాంతి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో కూడా, అవి కొలుస్తాయి. రంగు చూసేవారు, ధూళి చూసేవారు ఇప్పుడు ఒకే ఉపగ్రహం మీద పని చేస్తున్నారు. ఇక మీ ప్రశ్నలు అడగండి.