రండి, కాళ్లు కడుక్కోండి

శ్రోతలందరికీ నమస్కారం.

మా కోనసీమలో ఏ ఇంటి గుమ్మం ఎక్కినా ముందు వినపడేది "రండి రండి", ఆ వెంటనే "కాళ్లు కడుక్కోండి". మా అమ్మమ్మగారింట్లో అరుగు పక్కనే నీళ్ల గాబు, దాని అంచున బోర్లించిన ఇత్తడి చెంబు ఉండేవి. చేలగట్ల మీద బురదలో నడిచొచ్చినవాళ్లు మోకాళ్లదాకా నీళ్లు పోసుకుని, కండువాతో తుడుచుకుని కూర్చున్నాకే ఏం పనిమీద వచ్చారని అడిగేవారు. ఆవిడ నోట 'స్వాగతం' అన్న మాట నేనెన్నడూ వినలేదండీ.

ఆ మాట సంస్కృతంది. సు, ఆగతం కలిస్తే స్వాగతం; మంచి రాక అని. పెళ్లిపందిట్లో 'సుస్వాగతం' అని రాయిస్తే 'సు' రెండుసార్లు పడుతుంది. అయినా ఆప్యాయత కొద్దీ రాసిందాన్ని తప్పుపట్టబుద్ధి కాదు. తమిళుల 'నల్వరవు'కీ ఇదే అర్థం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంలో వారనుకున్న 'బియాంవెన్యూ'కీ ఇదే. ఇంగ్లీషు 'వెల్‌కమ్' కూడా అలాగే కనిపిస్తుంది గానీ, దాని పాత రూపం 'విల్‌కుమా'. కుమా అంటే వచ్చిన మనిషి. ఎవరు వస్తే మనసుకు సంతోషమో, ఆ మనిషన్నమాట. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీవారు 'కరీబు' అంటారు, దగ్గరికి రమ్మని.

నాకు బాగా నచ్చింది మాత్రం అరబ్బీ మాట, 'అహ్లన్ వ సహ్లన్'. అహ్ల్ అంటే అయినవాళ్లు, సహ్ల్ అంటే చదునైన నేల. నీవాళ్ల దగ్గరికే వచ్చావు, ఎత్తుపల్లాలు లేని చోట అడుగుపెట్టావు అని దాని భావంగా చెబుతారు. రాళ్లదారిన వచ్చినవాడికి అంతకన్నా కావలసిందేముంది? మన డెల్టాలో చదునుకి కొదవలేదు. బురదకాళ్లకి కావలసింది నీళ్లు. అందుకే మన పలకరింపులో చెంబు ఉంది.

మా ఊళ్ల నుంచి గల్ఫుకి ఇంటిపనులకి వెళ్లిన ఆడవాళ్లు ఆ అరబ్బీ మాట వినే ఉంటారు. మా వీధి అమ్మాయి ఒకావిడ కువైట్ నుంచి నాలుగేళ్లకి ఇంటికొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆటో దిగి పెట్టె కింద పెట్టింది. తల్లి గుమ్మంలోంచి చూసి, "వచ్చావా తల్లీ" అంది. ఎదురుగా ఉన్న పిల్లనే అడిగింది. ఆ పైన ఒక్క మాటా రాలేదు. చెంబు పిల్ల చేతికివ్వకుండా, తానే వంగి ఆ కాళ్ల మీద నీళ్లు పోసింది.