తీర్పు తొందరపడని తరగతి గది

(ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

సృజనాత్మకత అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి బొమ్మల పోటీ, నాటిక, సైన్స్ ఎగ్జిబిషన్. ఏడాదిలో ఒకట్రెండు రోజుల సందడి. మర్నాటి నుంచి మళ్ళీ పాఠం, ప్రశ్న, జవాబు, మార్కు. మిగిలిన ఆ రోజుల గురించే ఇవాళ మాట్లాడదలచుకున్నాను.

అమెరికా విద్యా మనస్తత్వవేత్త జోసెఫ్ రెంజుల్లి ప్రతిభను రెండు రకాలుగా చూశారు. పాఠాన్ని త్వరగా గ్రహించి పరీక్షలో రాయగలగడం ఒకటి. కొత్తగా ఒక వస్తువునో రచననో పరిష్కారాన్నో తయారుచేసి, అది అవసరమైనవాళ్ళకు అందించగలగడం రెండోది. రెండూ విలువైనవేనన్నారు. రెండోదానికి మాత్రం సగటుకు మించిన తెలివి, ఊహ, చేపట్టిన పనిని వదలని పట్టుదల మూడూ కలిసి రావాలని 1978లో రాశారు. ఊహ గురించి మనం చాలా మాట్లాడతాం. పట్టుదలకు మాత్రం టైంటేబుల్‌లో చోటివ్వం. పైగా మన తీర్పు తొందర, అంటే పిల్లల మాటనూ పనినీ వెంటనే మంచిదో కాదో తేల్చేయాలన్న ఆత్రం, రెంటినీ మొలకలోనే తుంచేస్తుంది. నా మాటలన్నీ ఈ తొందర చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నామో ఎప్పుడైనా చూసుకున్నారా? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతుల్లో రికార్డు చేసి చూస్తే, ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నట్టు తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, ‘తెలియదు’ అనేవాళ్ళు తగ్గారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడగసాగారు. ఆగవలసింది రెండుసార్లు: ప్రశ్న తర్వాత ఒకసారి, జవాబు తర్వాత ఇంకోసారి. రెండోదే కష్టం. మొదటి జవాబుకే ‘వెరీ గుడ్’ అన్నామా, మిగతా పిల్లల బుర్రల్లో తలుపులు మూసుకుపోతాయి. మనసులో మూడు లెక్కపెట్టి, మెల్లగా ‘ఇంకా?’ అని చూడండి.

గుంపుగా కూర్చోబెట్టి ఆలోచనలు చెప్పమనడంలోనూ ఇదే చిక్కు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, నలుగురు కలిసి చెప్పిన ఆలోచనల కంటే నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తమది నోట్లోనే దాచుకోవాలి, ఈలోగా అది జారిపోతుంది. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనన్న బెదురు సరేసరి. అందుకని ముందు ఐదు నిమిషాలు ఎవరికి వారు నిశ్శబ్దంగా రాయాలి. చీటీకి ఒకే ఆలోచన, కనీసం ఎనిమిది చీటీలు. మొదటి మూడు అందరివీ ఒకేలా ఉంటాయి. రెండో నిమిషంలో పెన్నులు ఆగిపోతాయి, ‘అయిపోయినట్టుంది’ అని మనం చీటీలు వసూలు చేసేస్తాం. ఆగిన పెన్ను మళ్ళీ కదిలాక వచ్చేవే అరుదైనవి. ఐదు నిమిషాలూ పూర్తయ్యాకే నలుగురూ చీటీలు కలిపి పేర్చుకోవాలి.

ఇంకో మాట. నిరుటి బహుమతి మోడల్‌ను నమూనాగా బల్ల మీద పెట్టకండి. జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉదాహరణ చూసిన డిజైనర్లు దానిలోని లోపాలను కూడా తమ డిజైన్లలోకి తెచ్చుకున్నారు. పెద్దవాళ్ళకే తప్పనిది పిల్లలకు తప్పుతుందా? చూపక తప్పకపోతే పని సగం దాటాక చూపండి.

ఇక అసలు పనికి, అంటే పిల్లలు తామే ప్రశ్న ఎంచుకుని చేసే ప్రాజెక్టుకు వద్దాం. ఆరు వారాలు, వారానికి రెండు పీరియడ్లు, మొత్తం పన్నెండు. మొదటి రెండూ ప్రశ్న ఎంచుకోవడానికే. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత పాటుపడ్డా పని నిలబడదు. ‘నీటి వృథా’ అని ఒక పాప రాసుకొచ్చిందనుకోండి. అది ప్రశ్న కాదు, వ్యాసానికి పనికొచ్చే శీర్షిక. ఎక్కడ, ఎంత, ఎవరు మార్చగలరు అని అడుగుతూ పోతే చివరికి ‘మా వరండా కుళాయి రోజుకు ఎంత నీరు కారుస్తోంది?’ అన్నదగ్గర ఆగుతుంది. ఇప్పుడు చేతికి పని దొరికింది.

కుళాయి కింద గ్లాసు పెట్టి పది నిమిషాల తర్వాత కొలజాడీలో పోస్తే 30 మిల్లీలీటర్లు వచ్చాయనుకుందాం. గంటకు 180, రోజుకు 4,320. అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. లెక్క సరైనదే, కానీ కొలిచింది ఒక్కసారే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువ, ధార ఎక్కువ. నీటిమట్టం తగ్గితే అదీ తగ్గుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చొప్పున రెండు రోజులు కొలిస్తే ఆరు అంకెలు వస్తాయి. అవి ఒకదానితో ఒకటి కలవవు. ఆ కలవకపోవడం దగ్గరే ఆ పాప నిజంగా ఆలోచించడం మొదలుపెడుతుంది. మనం చటుక్కున కారణం చెప్పేస్తే పని మనదైపోతుంది.

చివరికి తయారయ్యేది గోడకు అతికించే చార్టు కాకూడదు. ఆ ఆరు అంకెల పట్టికతో, మరమ్మతు నిర్ణయించగలిగిన వ్యక్తికి ఒక పేజీ ఉత్తరం రాయాలి. కుళాయి విప్పినప్పుడు అరిగిన వాషర్‌ను పాప కళ్ళారా చూడాలి. కొత్తది వేశాక మళ్ళీ పది నిమిషాలు కొలవాలి.

మూడో వారంలో ఉత్సాహం చల్లబడుతుంది. ప్రతిచోటా జరిగేదే, కంగారుపడవద్దు. పీరియడ్ చివర ఐదు నిమిషాలు పని నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయించండి: ఇవాళ ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు మొదట ఏం చేస్తాను. మూడో వాక్యం ఉంటే మర్నాడు ఊరికే కూర్చోవడం ఉండదు. పనంతా బడిలోనే జరగాలి. ఇంటికి పంపితే పెద్దల చేతిపని తిరిగొస్తుంది, పిల్లల చేయి కనబడదు.

పన్నెండు పీరియడ్లు ఎక్కడివంటారా? కొత్త యూనిట్ మొదలుపెట్టేముందు అందులోని అతి కష్టమైన ఐదు లెక్కలు ఇచ్చి చూడండి. నాలుగు చేయగలిగినవాళ్ళకు ఆ యూనిట్ అభ్యాసం మళ్ళీ అక్కర్లేదు. వాళ్ళ సమయం అలా మిగులుతుంది. కానీ ప్రాజెక్టు వాళ్ళ సొత్తు కాకూడదు. మిగతావాళ్ళ కోసం ఒకే రకం అభ్యాసాలను సగానికి కుదించండి.

మార్కుల దగ్గర తీర్పు తొందర చేసే నష్టం చాలా ఎక్కువ. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు వ్యాఖ్య మాత్రమే, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళ పని మెరుగుపడింది, ఆసక్తి నిలిచింది. రెండూ అందుకున్నవాళ్ళకు వ్యాఖ్య వల్ల ఆ మేలు దక్కలేదు. కాబట్టి ఐదో వారంలో చిత్తుప్రతి మీద అంకె వేయకండి. ‘బాగుంది, ఇంకా బాగా చెయ్యి’ అన్నదీ పనికిరాదు. ‘రెండో కొలత మిగతావాటి కంటే ఎక్కువొచ్చింది. ఏ సమయంలో కొలిచావో రాయలేదే?’ అని రాయండి. మార్కు తప్పనిసరైతే ఆరో వారం చివర, నోట్‌బుక్ చూసి వేయండి.

ఇంతవరకు చెప్పినదంతా ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది. తనిఖీ భయంతో పాఠం చెప్పేవారు కొత్త పద్ధతి ప్రయత్నించరు, ప్రయత్నించలేరు కూడా. జపాన్‌లో ఉపాధ్యాయులు జుగ్యో కెంక్యూ (పాఠ పరిశీలన) పేరిట ఒక పాఠాన్ని కలిసి తయారుచేస్తారు, ఒకరు బోధిస్తే మిగతావాళ్ళు చూస్తారు. మనమూ ముగ్గురం కలిసి టర్మ్‌కు ఒక పాఠంతో మొదలుపెట్టవచ్చు. చూసేవారి కళ్ళు బోధించేవారి మీద కాక పిల్లల మీద ఉండాలి: ఎవరు ఎక్కడ ఆగారు, ఏ మాటకు పెన్ను కదిలింది. చర్చలో మొదటి పది నిమిషాలు చూసింది మాత్రమే చెప్పాలి, అభిప్రాయాలు ఆ తర్వాతే. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం: ఈ పాఠాన్ని పనితీరు నివేదికలో చేర్చకండి. ముగ్గురికీ ఒకే సమయంలో వారానికి ఒక ఖాళీ పీరియడ్ ఇచ్చి, దాన్ని సబ్‌స్టిట్యూషన్‌కు లాగేసుకోకండి.

ఆరు వారాలు ముగిశాక పిల్లల నోట్‌బుక్‌లు అటక ఎక్కించవద్దు. ప్రతివారూ చివరి పేజీలో తమకు తేలకుండా మిగిలిన ఒక ప్రశ్న రాయాలి. వచ్చే ఏడాది తరగతికి మొదటి పీరియడ్‌లో ఆ చివరి పేజీలే ఇవ్వండి.