వెబ్ మ్యాప్‌కి లీఫ్‌లెట్ సరిపోతుందా, మ్యాప్‌లిబ్రే కావాలా?

నమస్తే అండీ. వెబ్‌సైట్‌లో మ్యాప్ పెట్టాలి, జూమ్ అవ్వాలి, పిన్ నొక్కితే వివరాలు రావాలి, దానికి ఏ టూల్ మంచిది? మీ పాయింట్లు వందల్లోనే ఉంటే ఇంకేం వెతక్కండి, లీఫ్‌లెట్ తీసుకోండి.

2011 నుంచి ఉన్న లైబ్రరీ (అంటే మన పేజీలో వాడుకోవడానికి ముందే రాసిపెట్టిన కోడ్) ఇది, చాలా తేలిక, ఉచితం. స్క్రీన్ మీద చూడండి: మ్యాప్‌కి ఒక లైను, టైల్స్‌కి ఒక లైను, మార్కర్‌కి, అంటే పిన్‌కి, ఒక లైను, మ్యాప్ వచ్చేసింది. టైల్ అంటే మామూలుగా 256 పిక్సెళ్ల చదరపు బొమ్మ. జూమ్ 0లో ప్రపంచమంతా ఒక్క టైల్‌లో ఉంటుంది, జూమ్ ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ టైల్స్ నాలుగు రెట్లు అవుతాయి, 10కి వచ్చేసరికి పది లక్షలు దాటేస్తాయి. బ్రౌజర్ మాత్రం మీకు కనబడే ముక్కల్ని, మహా అయితే పక్కనున్న కొన్నింటిని తెచ్చుకుంటుంది, అందుకే అంత పెద్ద మ్యాప్ కూడా చకచకా కదులుతుంది.

ఇప్పుడు ఇది జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మ్యాప్ డేటా దాచుకునే జియోజేసన్ ఫైల్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. లీఫ్‌లెట్ మార్కర్‌కి మనం చేత్తో ఇచ్చేటప్పుడు సరిగ్గా దానికి తిరగేసి. ప్యారిస్ 48.85, 2.35. ఇదిగో, తారుమారు చేశాను, పిన్ ఎక్కడుందో చూశారా? సోమాలియా తీరం అవతల, సముద్రంలో! ఎర్రర్ ఏమీ రాదు, అదే అసలు ఇబ్బంది.

పాయింట్లు వేలల్లోకి వెళ్తే మామూలు మార్కర్లతో ఫోన్ మొరాయిస్తుంది, ఎందుకంటే ప్రతి పిన్నూ పేజీలో విడిగా ఒక ఎలిమెంట్. మార్కర్‌క్లస్టర్ ప్లగిన్ పెడితే దగ్గరగా ఉన్నవి ఒక గుంపుగా కనబడతాయి. సరిహద్దు గీతలు బరువుగా ఉంటే మ్యాప్‌షేపర్ అనే టూల్‌లో వేసి తగ్గించుకోండి, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నిజానికి లైబ్రరీ మార్చడం కన్నా డేటాని ఇలా శుభ్రం చేసుకోవడం వల్లే ఎక్కువ ఫలితం ఉంటుందని నా గట్టి నమ్మకం.

అయినా చాలకపోతే అప్పుడు మ్యాప్‌లిబ్రే. 2020 డిసెంబరులో మ్యాప్‌బాక్స్ కంపెనీ తన మ్యాప్ లైబ్రరీ లైసెన్స్ మార్చినప్పుడు, అంతకుముందున్న ఓపెన్ కోడ్‌ని తీసుకుని కొందరు కొనసాగించిన ప్రాజెక్ట్ ఇది. ఇందులో వెక్టర్ టైల్స్‌ని (అంటే బొమ్మలు కాదు, గీతలు, ఆకారాల డేటా ఉన్న టైల్స్) మీ గ్రాఫిక్స్ చిప్ అక్కడికక్కడే గీస్తుంది కాబట్టి మ్యాప్ తిప్పొచ్చు, వంచొచ్చు, రంగులు మార్చొచ్చు. నేర్చుకోవడానికి మాత్రం లీఫ్‌లెట్ కన్నా టైమ్ పడుతుంది. దీనికి పీఎంటైల్స్ తోడైతే భలే సుఖం: టైల్స్ అన్నీ ఒకే ఫైల్, మామూలు స్టోరేజ్‌లో పెట్టేస్తే చాలు, విడిగా టైల్ సర్వర్ అక్కర్లేదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (వాలంటీర్లు కలిసి తయారుచేసే ప్రపంచ మ్యాప్) డేటా ఉచితమే, కానీ వాళ్ల టైల్ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. ట్రాఫిక్ ఎక్కువుండే సైట్‌కి వాటిని వాడకండి, మ్యాప్ మూలన వాళ్ల పేరు తీసేయకండి.

కోడ్ రాయడం రాదంటారా, టెన్షన్ వద్దు, యూమ్యాప్ అనే వెబ్ టూల్ తెరవండి. పిన్‌లు పెట్టండి, సేవ్ చేయండి, అదిచ్చే ఎంబెడ్ కోడ్‌ని మీ పేజీలో పేస్ట్ చేసేయండి.