ముల్లు తీస్తూ అమ్మమ్మ అన్న మాట: ఓర్చుకో

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క మాట పట్టుకుని కూర్చుందాం. ఓర్చు.

మొన్న మా అక్క కూతురు డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. అక్కడే పుట్టి పెరిగినా తెలుగు చక్కగా మాట్లాడుతుంది. "పిన్నీ, ఓర్చుకోవడం, సహించడం, భరించడం... మూడూ ఒకటేనా?" అని అడిగింది. ఒకటేనే అనబోయి ఆగాను. చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

నా కాల్లో తుమ్మముల్లు దిగింది. అమ్మమ్మ నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, పిన్నీసు మొనను దీపం మంటలో కాల్చి, తోలు మెల్లగా పెళ్లగిస్తూ, "ఓర్చుకోమ్మా, ఓర్చుకో, వచ్చేస్తోంది" అంది. ఆ చోట "సహించమ్మా" అని పెట్టి చూడండి. నోరు రాదు. "భరించు" అన్నా అంతే.

భరించు సంస్కృతం నుంచి వచ్చింది. దాని ధాతువు భృ, అంటే మోయడం. భారం, భర్త, ఈ మాటలన్నీ అందులోంచి పుట్టినవే. అందుకే ఖర్చులు భరిస్తాం. "పెళ్లి ఖర్చంతా మేనమామే భరించాడు" అంటే గౌరవంగా ఉంటుంది. "ఓర్చుకున్నాడు" అన్నామా, పాపం లోపల బాధపడుతూ పెట్టాడని అర్థం మారిపోతుంది.

సహించు కూడా సంస్కృతమే. కానీ దీన్ని ఎవరు అంటారో చూడండి. "అవినీతిని సహించేది లేదు" అని మంత్రి అంటారు. "ఆలస్యంగా వస్తే సహించను" అని హెడ్మాస్టరు అంటారు. అంటే ఒప్పుకోవడమా, మానడమా అన్నది తన చేతిలో ఉన్నవాళ్ల మాట ఇది. ఇంట్లో మాత్రం ఇదే మాట వేరేలా వినిపిస్తుంది. జ్వరం వచ్చి లేచినవాళ్లు "నోటికి అన్నం సయించట్లేదు" అంటారు కదా. అక్కడ అన్నాన్ని రానివ్వాలా వద్దా అని తేల్చేది నోరు! నాకు చాలా ఇష్టమైన వాడుక ఇది.

ఇక మన ఓర్చు. అచ్చతెలుగు మాట. నేర్చు నుంచి నేర్పు వచ్చినట్టే ఓర్చు నుంచి ఓర్పు. ఆ రెండూ జంటగానే తిరుగుతాయి, ఓర్పూ నేర్పూ అని. తెలంగాణలో "ఓర్సుకో బిడ్డా" అంటారు, వింటేనే సగం నొప్పి తగ్గుతుంది.

దీన్ని "లేక"తో కలిపితే ఓర్వలేక అవుతుంది. అక్కడ అర్థం ఎటు తిరిగిందో చూడండి. ఓర్వలేనివాడు అంటే నొప్పి తట్టుకోలేనివాడు కాదు. పక్కవాడు ఇల్లు కట్టుకుంటే చూడలేనివాడు! అసూయ అన్నప్పుడు అదొక గుణం పేరు. ఓర్వలేనితనం అన్నప్పుడు మాత్రం ఎదుటివాడి సంతోషం ఈయనకు ముల్లులా గుచ్చుకుంటోందని తెలుస్తుంది. మన ఆటోల వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాయించుకునేది వీళ్ల కోసమే.

దీనికి చుట్టం లాంటి మాట ఇంకొకటి, ఓపు. "ఓపలేను" అనడం ఇప్పుడు తగ్గింది కానీ ఓపిక నిలిచింది. "కాస్త ఓపిక పట్టు" అంటే ఆగమని. "ఒంట్లో ఓపిక లేదు" అంటే సత్తువ లేదని. ఆగడానికీ బలానికీ తెలుగువాళ్లు ఒకే మాట పెట్టుకున్నారు.

"ఓర్చినమ్మకు తేటనీరు" అని సామెత. దీన్ని అర్థం చేసుకోవాలంటే చెలమ దగ్గర కూర్చోవాలి. ఎండాకాలం పెన్నలోనో చిత్రావతిలోనో ఇసుక తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట ఊరేది బురద నీరు. తొందరపడి ముంచితే బిందెలోకి బురదే వస్తుంది. కాసేపు కదపకుండా కూర్చుంటే ఇసుక కిందికి దిగుతుంది. అప్పుడు కొబ్బరి చిప్పతో పైపైన తోడుకోవాలి. ఎంతసేపు? కాసేపే.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. మా వీధిలో ఒకమ్మాయి మొగుడి దెబ్బలు తినలేక పుట్టింటికొస్తే, పెద్దవాళ్లు "ఓర్చుకోవే, సర్దుకుంటుంది" అని తిప్పి పంపారు. మూడుసార్లు. నేను విన్నాను. ఆ మాట అక్కడ వాడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అమ్మమ్మ నన్ను ఓర్చుకోమన్నప్పుడు ఆమె చేతిలో పిన్నీసు ఉంది, ముల్లు బయటికొస్తోంది. ఆ అమ్మాయికి ముల్లు ఎవరు తీస్తున్నారని ఓర్చుకోవాలి? వాళ్లు నిజంగా చెప్పింది "పడి ఉండు" అని. దానికి మంచి మాట ముసుగేశారు.

ఇదంతా మా అక్క కూతురికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి పడటం అంటే కింద పడటం కదా పిన్నీ, మాట పడటమేంటి?" అంది. కష్టాలు పడతాం, మాటలు పడతాం, "పడ్డవాడెన్నడూ చెడ్డవాడు కాడు" అంటాం. దాని సంగతి వచ్చే వీడియోలో చూద్దాం. ఈలోగా మీ ఊళ్లో ముల్లు తీసేటప్పుడు ఏమంటారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఉంచండి.