కీ ఇచ్చినా తిరగని సినిమా కెమెరా: స్ప్రింగు జోలికి పోకండి

(టేబుల్ మీద కెమెరా, పక్కన వాచీ రిపేరు స్క్రూడ్రైవర్లు)

నమస్తే, తిరుపతి నుంచి. ఇది బోలెక్స్ హెచ్16, స్విట్జర్లాండ్ సరుకు, 1935లో మొదలైన మోడల్. బ్యాటరీ లేదు, కరెంటు అక్కర్లేదు. కీ నిండా ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 28 సెకన్లు నడుస్తుంది, అంతే. చిత్తూరులో మా పెదనాన్న వాళ్ల అటక మీద దొరికింది. గంగ జాతరలో మాతంగి వేషం దీంతోనే తీస్తానని మా తమ్ముడి పట్టు. తీరా బటన్ నొక్కితే రెండు సెకన్లు మూలిగి ఆగిపోయింది.

"స్ప్రింగు పోయిందిలే అన్నా" అన్నాడు. పోలేదురా, కీ తిప్పుతుంటే చేతికి బిగువు తెలుస్తోంది కదా! ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి గ్రీజు ఎండి బంకలా పట్టేస్తుంది, ఎక్కువగా జరిగేది ఇదే.

(క్లోజప్: గవర్నర్)

ఇదిగో, దీన్ని గవర్నర్ అంటారు. స్ప్రింగు బలం మొదట్లో ఎక్కువ, పోనుపోను తక్కువ, అయినా స్పీడు ఒకేలా ఉండాలి కదా, ఆ పని దీనిది: జోరు పెరిగితే ఈ చిన్న బరువులు బయటికి విచ్చుకుంటాయి, దాంతో రాపిడి పెరిగి బ్రేకు పడుతుంది. ఇరుసులో బంక చేరితే నత్తనడక. రాపిడి జరిగే చోట నూనె పడితే మాత్రం స్పీడు అదుపు తప్పుతుంది. మొదటి కెమెరాకి నేను చేసిన ఘనకార్యం అదే, కుట్టుమిషను నూనె ధారగా పోసేశాను, షట్టరు దాకా పాకింది.

అందుకే లైటర్ ఫ్లూయిడ్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో బంక తుడవండి, కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా. ఆరాక ఇరుసుకి సూది మొనతో ఒక్క చుక్క వాచీ నూనె, చాలు.

స్ప్రింగు డబ్బా మాత్రం విప్పకండి. కెమెరా పూర్తిగా ఆగిపోయినా లోపల కొంత బిగువు మిగిలే ఉంటుంది, మూత తీస్తే ఆ ఉక్కుపట్టీ ఎగిరొచ్చి చెయ్యి కోసేస్తుంది. ఈ విషయంలో ధైర్యం పనికిరాదు.

ఇక పరీక్ష. 24 దగ్గర పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి, ఫ్రేముల మీటరు చూడండి: 10 సెకన్లకి 240 తిరగాలి. ఫిల్ము లేకుండా 64 స్పీడులో మాత్రం తిప్పొద్దు, గేర్ల మీద భారం పడుతుంది.

(స్టాప్‌వాచ్, మీటరు పక్కపక్కన)

మాది 231 వచ్చింది. తమ్ముడు అప్పుడే ఫిల్ము ఎక్కించేద్దామంటున్నాడు. 100 అడుగుల రీలంటే 2 నిమిషాల 46 సెకన్లే, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. కాబట్టి ఇంకోసారి తుడిచి చూద్దాం... ఆ ఇయర్‌బడ్ ఇలా ఇవ్వరా.